వెన్నెముక, పుర్రె ఎముకలు విరిగినప్పుడు ఆపరేషన్: తరచుగా అడిగే ప్రశ్నలు

తాటిచెట్టు మీద నుంచి పడినవాళ్లు, పిట్టగోడ లేని డాబా మీద నుంచి జారినవాళ్లు, హెల్మెట్ లేకుండా బండి మీద నుంచి ఎగిరిపడ్డవాళ్లు. వాళ్లను తీసుకొచ్చిన బంధువులు ఎమర్జెన్సీలోనూ, వార్డులోనూ, డిశ్చార్జి రోజునా అడిగే ప్రశ్నలివి. వెన్నెముక విషయంలో సర్జన్లు ముందు తేల్చుకునేవి రెండే: విరిగిన ఎముక కదలకుండా నిలుస్తుందా, దాని వెనకున్న నరాల మీద ఒత్తిడి ఉందా. పుర్రె విషయంలో ఎముక కన్నా దాని కింద ఏం జరుగుతోందన్నదే ముఖ్యం.

పడిన మనిషిని ఎలా లేపాలి?

లేపకూడదు. కూర్చోబెట్టకూడదు, నీళ్లు తాగించకూడదు. చేతుల కింద ఒకరు, కాళ్ల దగ్గర ఒకరు పట్టుకుని మడిచి ఆటోలో వేయడం మన దగ్గర మామూలైపోయింది. నడుము దగ్గర పూస విరిగి, నరాలు ఇంకా బాగానే ఉన్న మనిషికి కాళ్లు పడిపోయేది ఒక్కోసారి ఆ మడతలోనే.

108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడుతూ, అక్కడే ఉంటే మరో ప్రమాదం లేకపోతే, అంబులెన్స్ వచ్చేదాకా కదపకండి. తప్పనిసరిగా కదపాల్సి వస్తే కనీసం నలుగురు కావాలి. ఒకరు తల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని తలను, మెడను రెండు చేతులతో ఒకే గీతలో పట్టుకుంటారు. ముగ్గురు ఒకే వైపు కూర్చుని భుజం, నడుము, మోకాళ్లు పట్టుకుంటారు. తల దగ్గరున్న మనిషి చెప్పిన లెక్క మీద అందరూ ఒకేసారి పక్కకు దొర్లించాలి. వెనక చెక్క గానీ స్ట్రెచర్ గానీ జరిపి, మళ్లీ అదే లెక్క మీద వెల్లకిలా తేవాలి. వాంతి అవుతుంటే కూడా ఇలాగే ఒళ్లంతా ఒక్కటిగా తిప్పాలి, మెడ ఒక్కటే తిప్పకూడదు.

తలకు దెబ్బ తగిలి స్పృహ లేని ప్రతి మనిషికీ, స్కాన్‌లో బాగుందని తేలేవరకు, మెడ కూడా విరిగిందనే అనుకోవాలి. గట్టి చెక్క మోసుకెళ్లడానికి మాత్రమే. ఆస్పత్రికి చేరాక దాని మీదే గంటల తరబడి ఉంచితే త్రికం (పిరుదుల మధ్య, వెన్నెముక చివరి ఎముక) దగ్గర చర్మం చితికి పుండు మొదలవుతుంది.

ఎక్స్-రే చాలదా? సీటీ, ఎమ్మారై రెండూ ఎందుకు?

మెడ కింది భాగం, భుజాల వెనకున్న పూసలు ఎక్స్-రేలో సరిగా కనబడవు. ఎముక ఎన్ని ముక్కలైంది, ఎంత ముక్క వెన్నుపాము ఉండే గొట్టంలోకి జరిగింది అన్నవి సీటీ చెబుతుంది. వెన్నుపాము వాచిందా, రక్తం చేరిందా, పూసలను వెనక నుంచి పట్టి ఉంచే లిగమెంట్లు తెగాయా అన్నవి ఎమ్మారై చెబుతుంది. లిగమెంట్ల సంగతి చిన్నదిగా అనిపిస్తుంది గానీ, ఆపరేషన్ కావాలా వద్దా అన్నది చాలాసార్లు తేలేది అక్కడే.

ఇంకో మాట. మడమలు విరిగేలా నిలువునా పడినవాళ్లకు నడుము పూసలు చూడాలి. ఒక పూస విరిగితే వెన్నెముకంతా చూడాలి, రెండోది ఇంకెక్కడో విరిగి ఉండవచ్చు. రిపోర్టులో డీ12 అన్నా టీ12 అన్నా ఒకటే, ఛాతీ వెనకున్న పన్నెండో పూస. ఎల్ అంటే దాని కింద నడుము పూసలు.

పూస విరిగితే ఆపరేషన్ తప్పదా?

తప్పనిసరి కాదు. నడుము పైభాగంలో, అంటే డీ11 నుంచి ఎల్2 వరకు, పూసలు ఎక్కువగా విరుగుతాయి. పక్కటెముకలు కట్టిపట్టిన బిగుతు భాగం, వంగే నడుము కలిసేది అక్కడే. ఆ ఫ్రాక్చర్లకు టీఎల్ఐసీఎస్ అనే స్కోరు వాడతారు. పూస ముందు వైపు మాత్రమే నలిగితే 1, పగిలి ముక్కలు వెనక్కి జరిగితే 2, పూసలు ఒకదాని మీద ఒకటి జారినా తిరిగినా 3, లాగినట్టు విడిపోతే 4. దీనికి నరాల స్థితిని కలుపుతారు: ఒక నరం మూలం దెబ్బతిన్నా, వెన్నుపాము పూర్తిగా దెబ్బతిన్నా 2, వెన్నుపాము కొంత పనిచేస్తూ కొంత పోతే 3. వెనక లిగమెంట్లు తెగాయేమోనని అనుమానం ఉంటే 2, తెగితే 3. మొత్తం 3 లేదా తక్కువైతే బ్రేస్ (నడుముకు వేసే గట్టి పట్టీ), విశ్రాంతి, ఎక్స్-రేలు. 5 లేదా ఎక్కువైతే ఆపరేషన్. 4 వచ్చినప్పుడు రెండు దారులూ సరైనవే. అక్కడ మనిషి బరువు, పని, ఎంతసేపు నొప్పి లేకుండా నిలబడగలడు అన్నవి చూస్తారు.

వెన్నుపాము పూర్తిగా దెబ్బతిన్నవాళ్ల కన్నా కొంత మిగిలినవాళ్లకు ఎక్కువ మార్కులు ఎందుకంటే, కాపాడుకోవడానికి అక్కడ ఇంకా ఏదో ఉంది.

కాళ్లు పడిపోయాయి. ఆపరేషన్ చేస్తే నడుస్తారా?

ఈ ప్రశ్నకు సూటి జవాబు వినడం మీ హక్కు. ఆపరేషన్ ఎముకను నిలబెడుతుంది, నరం మీదున్న ఒత్తిడి తీస్తుంది. చితికిన వెన్నుపామును అతకదు.

ఎంత తిరిగి వస్తుందన్నది ఎక్కువగా దెబ్బ తగిలిన మొదటి రోజుల్లో ఎంత మిగిలిందన్న దాన్ని బట్టి ఉంటుంది. దీనికి ఏసియా గ్రేడులు: కదలిక, స్పర్శ రెండూ మలద్వారం దాకా పోతే ఏ. స్పర్శ ఉండి కదలిక లేకపోతే బీ. కదలిక ఉన్నా సగానికి పైగా కండరాలు బరువుకు ఎదురు లేవలేకపోతే సీ. సగమైనా లేవగలిగితే డీ. మామూలుగా ఉంటే ఈ. ‘ఏ’ గ్రేడులో ఉన్నవాళ్లలో తిరిగి నడిచేవాళ్లు చాలా కొద్దిమంది. సీ, డీల్లో ఉన్నవాళ్లలో చాలామంది నడుస్తారు. డాక్టరు మలద్వారం దగ్గర సూదితో తాకి చూడటం బంధువులకు ఇబ్బందిగా అనిపిస్తుంది. ఏకీ బీకీ తేడా తేలేది ఆ పరీక్షలోనే, దాన్ని వద్దనకండి.

ఎల్1, ఎల్2 దగ్గర వెన్నుపాము ముగుస్తుంది. అంతకన్నా కింద ఉన్నవి గుర్రపు తోకలా విడివిడి నరాలు. వాటికి తగిలిన దెబ్బ నుంచి కోలుకునే అవకాశం వెన్నుపాము కన్నా మెరుగు.

మరి ‘ఏ’ గ్రేడు మనిషికి ఆపరేషన్ ఎందుకు? విరిగిన నడుముతో మంచానికి అతుక్కోకుండా, కొద్ది రోజుల్లోనే కూర్చోబెట్టి చక్రాల కుర్చీలోకి మార్చడానికి. ఊపిరితిత్తుల్లో చీము, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, పడక పుండ్లు తగ్గేది దానివల్లే.

ఎంత త్వరగా చేయించాలి?

వెన్నుపాము మీద ఒత్తిడి ఉండి నరాలు దెబ్బతింటే, మనిషి తట్టుకోగలిగితే 24 గంటల లోపు. మెడ పూసలు జారి నరాలు ఇంకా కొంత పనిచేస్తుంటే ఇంకా ముందే మంచిది. కానీ ఊపిరితిత్తి నలిగి ఉంటే, పొట్టలో రక్తం కారుతుంటే ముందు వాటి సంగతి చూడాలి.

ఈలోగా ఐసీయూలో జరిగే ఒక పని బయటికి కనబడదు. వెన్నుపాముకు రక్తం అందాలంటే సగటు రక్తపోటు (పై అంకెకూ కింది అంకెకూ మధ్య ఉండేది) 75-80కి తగ్గకూడదు, 90-95 దాటనక్కర్లేదు. 3 నుంచి 7 రోజులు అలా నిలుపుతారు. మెడ దగ్గరో ఛాతీ పైభాగంలోనో వెన్నుపాము తెగితే బీపీ, నాడి రెండూ పడిపోతాయి. రక్తం పోయినప్పుడైతే బీపీ తగ్గి నాడి పరుగెడుతుంది. ఈ తేడా గమనించకుండా సెలైన్ మాత్రమే ఎక్కిస్తూ పోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అక్కడ కావలసింది బీపీ పెంచే నార్అడ్రినలిన్ వంటి మందు.

స్టిరాయిడ్ ఇంజక్షన్ వేయమని అడగాలా?

తల గాయానికైతే వద్దే వద్దు. 10,000 మందికి పైగా రోగులతో జరిగి 2004లో ప్రచురితమైన క్రాష్ ట్రయల్‌లో మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టిరాయిడ్ ఇచ్చినవాళ్లలోనే రెండు వారాల్లో మరణాలు ఎక్కువ. వెన్నుపాము గాయానికి 8 గంటల లోపు మొదలుపెట్టి 24 గంటల పాటు ఇవ్వడం కొందరు సర్జన్లు ఇంకా ఒక వీలుగా చూస్తారు. చాలామంది మానేశారు. 8 గంటలు దాటాక మొదలుపెట్టడంలో అర్థం లేదు.

నడుము దగ్గర స్క్రూలు, రాడ్లు ఎలా వేస్తారు?

మత్తిచ్చి బోర్లా పడుకోబెడతారు. ఛాతీ, తుంటి కింద మెత్తలు పెట్టి పొట్ట గాల్లో వేలాడేలా ఉంచుతారు. పొట్ట నొక్కుకుంటే వెన్ను లోపలి సిరలు ఉబ్బి, కోత పెట్టగానే రక్తం ఆగదు. ఈ మెత్తలు సరిగా పెట్టడం కోతంత ముఖ్యం. కళ్ల మీద బరువు పడకుండా చూసుకోవడం కూడా ఇక్కడే.

సీ-ఆర్మ్ ఎక్స్-రేతో ఏ పూసో గుర్తించి నడుము మధ్యలో కోసి కండరాలను పక్కకు తొలగిస్తారు. ప్రతి పూసకు వెనక రెండు వైపులా ముందుకు పోయే సన్నని ఎముక కంబాలుంటాయి, వాటినే పెడికిల్ అంటారు. ఆ కంబంలోకి దారి చేసి, కొన గుండ్రంగా ఉన్న సన్నని తీగతో నాలుగు గోడలూ అడుగూ తడిమి చూస్తారు. గోడ ఎక్కడా చిల్లు పడలేదని తేలాకే స్క్రూ. నడుములో సాధారణంగా 6-7 మిల్లీమీటర్ల లావు, 40-50 మిల్లీమీటర్ల పొడవు. ఛాతీ వెనక ఇంకా సన్నవి. తర్వాత 5.5 మిల్లీమీటర్ల రాడ్‌ను నడుము వంపుకు తగ్గట్టు వంచి రెండు వైపులా బిగిస్తారు. రాడ్ మీద స్క్రూలను కొంచెం ఎడం చేస్తే పూస ఎత్తు లేస్తుంది, వెనక్కి జరిగిన ముక్కలను లిగమెంటే లోపలికి లాగుతుంది. అలా సర్దుకోకపోతే వెనక ఎముక తీసి ఒత్తిడి తగ్గిస్తారు. తీసిన ఎముకనే పొడి చేసి పక్కన పరుస్తారు. పూసలు ఒకదానికొకటి అతుక్కోవడానికి అదే విత్తనం.

విరిగిన పూసకు పైన ఒకటి, కింద ఒకటి చాలా, రెండేసి కావాలా అన్న వాదన పాతది. పూస ముందు భాగం పొడిపొడి అయినప్పుడు పైన ఒకటి కింద ఒకటి మాత్రమే వేస్తే బరువంతా స్క్రూల మీదే పడి నెలల్లో వంగుతాయి, విరుగుతాయి. అలాంటప్పుడు విరిగిన పూసలోనూ స్క్రూలు వేయడమో, రెండేసి పూసలు పట్టుకోవడమో, ముందు వైపు కేజ్ (పోయిన ఎముక చోట నిలిపే గూడు లాంటి ముక్క) పెట్టడమో చేయాలి.

మెడ విరిగితే?

పూసలు జారి లాక్ అయిపోతే ముందు తలకు పట్టకారు లాంటి పరికరం వేసి బరువు కడతారు. చెవి పైన ఒక సెంటీమీటరు దూరంలో రెండు వైపులా పిన్నులు దిగుతాయి. 5 కిలోల దగ్గర మొదలుపెట్టి 2-2.5 కిలోల చొప్పున పెంచుతూ ప్రతిసారీ ఎక్స్-రే తీస్తారు, చేతులు కాళ్లు కదపమంటారు. అందుకే రోగి మెలకువగా ఉండాలి. బలం తగ్గితే వెంటనే ఆపేస్తారు.

ఆపరేషన్ చాలాసార్లు మెడ ముందు నుంచే. చర్మపు మడతలో అడ్డంగా కోసి, ఆహారనాళాన్ని, శ్వాసనాళాన్ని పక్కకు జరిపి, చితికిన డిస్క్ తీసి, కేజ్ గానీ తుంటి ఎముక ముక్క గానీ పెట్టి పైన ప్లేట్ బిగిస్తారు. తర్వాత కొన్ని రోజులు మింగుడు కష్టంగా ఉంటుంది, గొంతు బొంగురు పోవచ్చు, చాలామందిలో తగ్గిపోతుంది. మొదటి 24 గంటల్లో మెడ ఉబ్బి ఊపిరి ఆడకపోతే అది లోపల రక్తం చేరడం. థియేటర్ దాకా ఆగకుండా మంచం దగ్గరే కుట్లు విప్పాల్సిన సందర్భం. రాత్రి కాపలా ఉన్నవాళ్లు నర్సును లేపడానికి మొహమాటపడకండి.

ముసలావిడ జారి కూర్చుంటే పూస నలిగింది. సిమెంట్ వేయిస్తే చాలా?

ఎముకలు గుల్లబారి నలిగిన పూసకు, నరాలు బాగుండి, మందులతో కొన్ని వారాలైనా నొప్పి తగ్గకపోతే వెర్టిబ్రోప్లాస్టీ చేస్తారు. సూది ద్వారా లోపలికి పంపేది అక్రిలిక్ సిమెంట్. పూస వెనక గోడ పగిలి ఉంటే సిమెంట్ నరాల వైపు కారే ప్రమాదం ఉంది. అసలు జబ్బు ఎముకలు గుల్లబారడం, దానికి మందులు వాడకపోతే పక్క పూస నలుగుతుంది.

పుత్తూరు కట్టు వేయించవచ్చా?

చేతికీ కాలికీ వేసే కట్టు పని ఎముకను కదలకుండా పట్టుకోవడం. వెన్నుపూసను గానీ పుర్రెను గానీ బయటి కట్టు అలా పట్టలేదు. పైగా లాగి సరిచేయడం, నడుము నొక్కడం నరాలకు ప్రమాదం. మర్దన కూడా వద్దు.

పుర్రెలో గీత పడిందన్నారు. ఆపరేషన్ కావాలా?

గీతకు అక్కర్లేదు. దాని కింద రక్తం చేరిందా అన్నదే చూడాలి. కణత దగ్గర ఎముక పలచన, దాని లోపలే మెనింజియల్ ధమని ఉంటుంది. అది తెగితే పడిన మనిషి లేచి మాట్లాడి, టీ తాగి, గంటల తర్వాత ఉన్నట్టుండి మగతలోకి జారతాడు. మాట్లాడుతున్నాడు కదా అని ఇంటికి తీసుకెళ్లడం వల్ల పోయే ప్రాణాలు ఇవే. తలనొప్పి పెరగడం, మళ్లీ మళ్లీ వాంతులు, ఒక కనుపాప పెద్దదవడం, ఒక వైపు చేయి కాలు బలహీనపడటం కనిపిస్తే వెంటనే మళ్లీ స్కాన్.

పుర్రె ఎముకకూ దాని కింద మెదడును కప్పే పొరకూ మధ్య చేరిన రక్తం 30 మిల్లీలీటర్లు దాటితే, మనిషి మెలకువగా ఉన్నా ఆపరేషనే. అంతకన్నా తక్కువై, మందం 15 మిల్లీమీటర్ల లోపు, మెదడు జరగడం 5 మిల్లీమీటర్ల లోపు ఉండి, స్పృహ బాగుంటే, న్యూరోసర్జన్ ఉన్న చోట 6-8 గంటలకు మళ్లీ స్కాన్ తీస్తూ కనిపెట్టి ఉండవచ్చు.

మూడేళ్ల లోపు పిల్లల్లో గీత పడితే రెండు మూడు నెలలు గమనించండి. అదే చోట మెత్తని వాపు పెరుగుతూ నాడిలా కొట్టుకుంటే, లోపలి పొర చిరిగి గీత వెడల్పవుతోందన్నమాట. దానికి ఆపరేషన్ తప్పదు.

ఎముక లోపలికి నొక్కుకుపోయింది. లేపడం ఎలా?

నొక్కుకుపోయిన లోతు ఎముక మందాన్ని మించితే, పైన గాయం తెరిచి ఉంటే లేపుతారు. తెరిచిన గాయాన్ని ఆలస్యం చేయకూడదు. వెంట్రుకలు, మట్టి, ఇటుక పొడి ఎముక ముక్కలతో పాటు మెదడులోకి దిగి ఉంటాయి. చీము పట్టేది వాటివల్లే. మధ్యలో ఉన్న ముక్కను నేరుగా పట్టి లాగరు. పక్కన మంచి ఎముకలో రంధ్రం వేసి, అక్కడి నుంచి కింద ఖాళీ చేసుకుంటూ వస్తారు. చిరిగిన పొరను నీరు కారకుండా కుడతారు. శుభ్రంగా ఉన్న ముక్కలను కడిగి తిరిగి అమర్చవచ్చు.

నడినెత్తి మీద నొక్కుకుపోతే లెక్క వేరు. కింద పెద్ద సిర ఉంటుంది, దానికి బిరడాలా ఉన్న ఎముకను లేపితే రక్తం ఆపడం కష్టం. చర్మం తెగకుండా, నరాల ఇబ్బంది లేకుండా ఉంటే వదిలేయడమే తెలివి. సొట్ట కనబడుతుంది, అంతే.

ముక్కులోంచి నీళ్లు కారుతున్నాయి. జలుబా?

తలకు దెబ్బ తగిలాక ఒక ముక్కులోంచో చెవిలోంచో పలచని నీరు కారితే, గొంతులోకి ఉప్పగా దిగితే, పుర్రె అడుగు విరిగి మెదడు చుట్టూ ఉండే నీరు వస్తున్నట్టు అనుకోవాలి. కళ్ల చుట్టూ, చెవి వెనక నల్లబడటం కూడా దాని గుర్తే. చాలావరకు వారం రోజుల్లో దానంతటదే ఆగుతుంది. తల 30 డిగ్రీలు ఎత్తులో ఉంచండి. ముక్కు చీదకూడదు, ముక్కకూడదు, చెవిలో దూది కుక్కకూడదు. ముక్కు ద్వారా గొట్టం వేయడం ప్రమాదం, అవసరమైతే నోటి ద్వారా వేస్తారు. 7-10 రోజులు దాటినా ఆగకపోతే నడుము దగ్గర డ్రెయిన్ (ఆ నీరు తీసే సన్నని గొట్టం), లేదా ముక్కు ద్వారా ఎండోస్కోప్‌తో మూసే ఆపరేషన్. జ్వరం, మెడ పట్టేయడం వస్తే మెనింజైటిస్ (మెదడు పొరలకు ఇన్ఫెక్షన్) అనుకుని పరుగెత్తాలి.

పుర్రె ఎముక తీసి పొట్టలో పెట్టామన్నారు. నిజమేనా?

నిజమే. మెదడు వాచి ఒత్తిడి తగ్గనప్పుడు ఒక వైపు ఎముకను పెద్దదిగా, కనీసం 12 x 15 సెంటీమీటర్లు, తీసి పక్కన పెడతారు. చిన్న కిటికీ చేస్తే ఉబ్బిన మెదడు అంచులకు నొక్కుకుని రక్తం అందక చచ్చిపోతుంది. తీసిన ఎముకను పొట్ట చర్మం కిందో, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లోనో దాస్తారు. ఆరు వారాల నుంచి ఆరు నెలల లోపు తిరిగి పెడతారు. అంతవరకు ఆ వైపు పడుకోకూడదు, నిలబెట్టేటప్పుడు తలకు గట్టి టోపీ పెట్టాలి. చర్మం లోపలికి గుంటలా పోయి, కూర్చుంటే తలనొప్పి, మగత పెరుగుతుంటే వాయిదా వేయకండి. ఎముక పెట్టాక మనిషి చురుకు కావడం చాలామందిలో కనిపిస్తుంది. దాచిన ఎముకకు చీము పట్టినా, అరిగిపోయినా టైటానియం మెష్ గానీ పీక్ అనే గట్టి ప్లాస్టిక్ గానీ వాడతారు.

ఫిట్స్ మాత్రలు ఎన్నాళ్లు?

ఫిట్స్ రాకపోతే మామూలుగా 7 రోజులు. అవి మొదటి వారం ఫిట్స్‌ను ఆపుతాయి గానీ తర్వాతెప్పుడో వచ్చే మూర్ఛను ఆపలేవు. చీటీలో రాసి ఉంది కదా అని ఏళ్ల తరబడి వాడేవాళ్లున్నారు. అలాగని సొంతంగా ఆపేయకండి, తర్వాతి విజిట్‌లో అడగండి.

ఇంటికి వెళ్లాక దేనికి భయపడాలి?

స్క్రూల కన్నా చర్మానికీ మూత్రాశయానికీ. స్పర్శ లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, రాత్రి కూడా. త్రికం, మడమలు, తుంటి పక్కలు రోజూ వెలుతురులో చూడాలి. ఎర్రబడిన చోట ఒత్తిడి పూర్తిగా తీసేయాలి, రుద్దకూడదు. మూత్రం పైపు నెలల తరబడి ఉంచే కన్నా, 4-6 గంటలకోసారి శుభ్రమైన చిన్న గొట్టం వేసి తీయడం నేర్చుకోండి. ఒకసారికి 500 మిల్లీలీటర్లు దాటకుండా చూసుకోండి.

డీ6 దగ్గర గానీ అంతకు పైన గానీ వెన్నుపాముకు దెబ్బ తగిలినవాళ్లకు ఉన్నట్టుండి తల పగిలిపోయే నొప్పి, ముఖాన చెమటలు, బీపీ బాగా పెరగడం వస్తే, వెంటనే కూర్చోబెట్టి బిగుతు బట్టలు వదులు చేసి, మూత్రం పైపు మడతపడిందేమో చూడండి. తొంభై పాళ్లు కారణం నిండిన మూత్రాశయమే, లేదా మలబద్ధకం. తగ్గకపోతే ఆస్పత్రికి.

కోత దగ్గర చీము, జ్వరం, ఒక్క పిక్క వాపు, కొత్తగా వచ్చిన తిమ్మిరి ఉంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగనక్కర్లేదు.

స్క్రూలు తర్వాత తీయించాలా? ఎమ్మారై తీయవచ్చా?

ఇబ్బంది లేకపోతే తీయించనక్కర్లేదు. టైటానియం అయితే ఎమ్మారై తీయవచ్చు, ఆ చోట బొమ్మ కొంచెం చెదురుతుంది. డిశ్చార్జి కాగితాలతో పాటు ఇంప్లాంట్ స్టిక్కర్లు అడిగి దాచుకోండి.

ఖర్చు?

ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ ఉన్నాయి. చేరేరోజే ఆస్పత్రిలోని పథకం ప్రతినిధిని (ఆరోగ్యమిత్ర లేదా వైద్యమిత్ర) కలిసి, మీ కేసు ఏ ప్యాకేజీ కిందికి వస్తుందో అడగండి. రోడ్డు ప్రమాదమైతే 2025లో కేంద్రం తెచ్చిన నగదు రహిత పథకం కింద, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు 1.5 లక్షల రూపాయల వరకు చికిత్స ఉంటుంది. దానికి పోలీసులకు సమాచారం వెళ్లాలి, ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రాయించడం మానకండి. చెట్టు మీద నుంచి పడితే ఈ పథకం వర్తించదు. తెలంగాణలో 2024లో గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలైంది. మీ ఇంట్లో చెట్టెక్కేవాళ్లుంటే దాని గురించి ఎక్సైజ్ ఆఫీసులో అడగండి.